దారి లేని బెంచీలు

పదేళ్లు నర్సరీలో మొక్కలమ్మి, నలభయ్యో ఏట ఆ కొలువు వదిలేసి తోటల రూపకల్పన కోర్సు చదివాను. 2009 ఏప్రిల్‌లో విజయవాడలోని ఒక సంస్థలో ట్రైనీ డిజైనర్‌గా చేరాను. ట్రైనీ సొంతంగా ఒక తోట గీసి, నాటించి, ఆ తోట వేయించుకున్నవాళ్ల చేత సరేననిపించుకుంటేనే ఉద్యోగం ఖాయమవుతుంది. లేకపోతే ఇంటికే. తోటి ట్రైనీలంతా నన్ను అంకుల్ అని పిలిచే వయసువాళ్లు. నాకు మరో అవకాశం రాదని తెలుసు కనక భయంగానే ఉండేది.

నాకు అప్పగించింది ఊరి చివర ఒక రెసిడెన్షియల్ కాలేజీ. ప్రిన్సిపాల్ గారు మర్యాదస్తుడు. మజ్జిగ ఇప్పించి, షరతు చెప్పారు. అడ్మిషన్లకు వచ్చే తల్లిదండ్రులకు గేటులోంచే తోట నిండుగా కనిపించాలట. క్లాసు కిటికీల్లోంచి విద్యార్థులకు మాత్రం పువ్వన్నది కనిపించకూడదట. కనిపిస్తే ధ్యాస చెదిరి ర్యాంకు పోతుందట.

మా వృత్తిలో సైట్‌లైన్ అని ఒకటుంది. మనిషి ఉన్న చోటు నుంచి కంటికి ఏది ఆనుతుందో ప్లాన్ మీద గీసే గీత అది. ట్రాన్స్‌ఫార్మర్లూ సెప్టిక్ ట్యాంకులూ దాచడానికి పనికొస్తుందని కోర్సులో చెప్పారు. నేను దాంతో తోటనే దాచాను. ప్రతి క్లాసులో చివరి వరసలో కూర్చుని గీతలు గీసుకుని, కిటికీలకు అడ్డంగా వెదురు నాటించాను.

మల్లెపందిరి గీస్తే కొట్టేశారు. సాయంత్రం స్టడీ అవర్‌లో ఆ వాసనకు పిల్లలకు నిద్ర ముంచుకొస్తుందన్నారు. రెండు సిమెంటు బెంచీలు గీశాను. ఆయన వాటి మీద వేలు పెట్టారు.

"బెంచీ ఉంటే కూర్చుంటారండీ," అన్నారు.

అలాగని తీసేయడానికీ లేదు, తల్లిదండ్రులకు కనిపించాలి. చివరికి రాజీ కుదిరింది. బెంచీలుంటాయి, వాటిదాకా దారి ఉండదు. పచ్చిక నడుమ వాటిని వేయించి, చుట్టూ మోకాలెత్తు ముళ్ల మొక్కలు పెట్టించాను. గేటు దగ్గర మొదలైన దారి తోట చుట్టూ తిరిగి మళ్లీ గేటుకే వచ్చేది. పని శుభ్రంగా కుదిరిందని గర్వపడ్డాను కూడా.

అప్పగింత రోజున, మొదటి అడ్మిషన్ తీరు చూసి తన మాట చెబుతానన్నారు ప్రిన్సిపాల్ గారు. ఉయ్యూరు వైపు నుంచి ఒక చెరకు రైతు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ అమ్మాయి బెంచీలు చూసింది, దారి కోసం అటూ ఇటూ వెతికింది.

"అక్కడికి ఎటునుంచి వెళ్లాలండీ?" అని నన్నడిగింది.

ప్రిన్సిపాల్ గారు నా వైపు చూశారు. బొంకుదామన్నా చూపించడానికి దారి లేదు.

"వెళ్లడానికి లేదమ్మా," అన్నాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

రైతు చేతిసంచి కింద పెట్టి, ఎవర్నీ పోనివ్వరా అని అడిగాడు. ఎవర్నీ పోనివ్వం అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"అయితే చేర్చుకోండి. పొద్దున చూసిన కాలేజీలో పిల్లలు చెట్టు కింద కూర్చునున్నారండీ," అన్నాడాయన.

ఆ మధ్యాహ్నమే నా ఉద్యోగం ఖాయమైంది. ఆ అమ్మాయి పెట్టె మోసుకుని హాస్టల్లోకి వెళుతుంటే మాత్రం నాకు బాధేసింది.

తర్వాత ఏ తోట ఒప్పుకున్నా, మట్టి చూడకముందే అందులో ఎవరు కూర్చుంటారని అడిగేవాణ్ణి. ఎవరూ కూర్చోరంటే, మీకు కావలసింది గోడ అని చెప్పి తాపీ మేస్త్రీ దగ్గరికి పంపేవాణ్ణి.