ధ్రువానికి తులసికోట మట్టి

అంటార్కిటికా ఇవాళ్టికీ అంత తెల్లగా ఉందంటే అది మా తాతయ్య చలవే. నమ్మనివాళ్లు వెళ్లి చూసుకోవచ్చు.

మా తాతయ్య భీమేశ్వరరావు ప్రభుత్వ సంస్థలో జనరేటర్ మెకానిక్. ఇల్లు కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో. 1998 చివర్లో మన దేశం పంపే దక్షిణ ధ్రువ యాత్రకి ఆయన్ని ఎంపిక చేశారు. అక్కడి స్థావరంలో జనరేటర్ ఆగిందంటే మనుషులు బిగుసుకుపోతారు.

"మాదాపూర్లో అద్దాల టవర్ లేచింది, జనరేటర్లకి మనిషి కావాలట. ఆ మంచులోకి ఎందుకండీ?" అంది పక్కింటి సరోజమ్మగారు. తాతయ్య నవ్వి, అక్కడి సంగతులు చెప్పుకొచ్చాడు. ఆ మంచులో లక్షల ఏళ్లనాటి గాలి బుడగలై ఉందట. ఆ నేల ఎవరిదీ కాదు కాబట్టి అన్ని దేశాలూ అక్కడ ఒకదాన్నొకటి కనిపెట్టుకుని ఉంటాయట. పదో తరగతి గట్టెక్కని నా బుర్రకి ఎక్కింది ఇంతే.

ఆ ఏడాది నుంచి నిబంధనలు బిగిశాయి. విత్తనం గానీ మట్టి గానీ అక్కడికి చేరకూడదు. గోవాలో ఓడ ఎక్కేముందు సామానంతా విప్పి చూస్తారు. దొరికిందా, వెనక్కి పంపేస్తారు. ఆ చోటు కోసం ఇంకో మెకానిక్ కాచుకుని ఉన్నాడు.

ప్రయాణం రోజు పొద్దున తాతయ్య తులసికి నీళ్లు పోయబోయి ఆగిపోయాడు. మొక్క మొదట్లో గుప్పెడంత గొయ్యి.

"త్రిపురా!"

బామ్మ వంటింట్లోంచి కదల్లేదు. ఆవిడ పుట్టింటి ఆనవాయితీ మా అందరికీ తెలుసు. దూరం వెళ్లే మనిషి సామానులో తులసి మట్టి పెట్టి కుట్టేస్తే క్షేమంగా తిరిగొస్తాడు. ఎక్కడుందో బయటపెడితే ఫలితం పోతుంది. పటాలానికెళ్లిన ఆవిడ అన్నయ్య అలాగే తిరిగొచ్చాడు మరి.

తాతయ్య పెట్టె బోర్లించాడు. ఉన్ని మేజోళ్లు దులిపాడు, కందిపొడి డబ్బా మూత తీసి చూశాడు. లేదు. కింద జీపు హారన్ మోగింది.

"సార్, జర జల్దీ! ఇగ రైలు పోతది!" డ్రైవర్ రామన్న అరుస్తున్నాడు.

"ఎక్కడ పెట్టావే?"

"నాకేం తెలుసండీ?"

"పట్టుబడితే పోయేది నా పరువొక్కటే కాదు, దేశం పరువు."

"దేశానికి బోలెడుమంది ఉన్నారు. నాకు మీరొక్కరే."

తాతయ్య కుర్చీలో కూలబడి బూటు తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు.

"రామన్నా, నువ్వెళ్లు. నేను రావట్లేదు."

ఒక బూటు ఊడింది. రెండో దాని ముడి ఆయన వేళ్లకి లొంగలేదు. బామ్మ ఆయన మొహంకేసే చూస్తోంది. ఉన్నట్టుండి విసవిసా వెళ్లి సామానులోంచి ప్రయాణపు దిండు లాగి, కుట్టు పళ్లతో కొరికి తెంపింది.

"ఈ మొహాన్ని ఏడాది పొడుగునా చూడ్డం నా వల్ల కాదు. వెళ్లండి!"

మట్టి మూట నేలమీద పడింది. తాతయ్య ఆ దిండు అక్కడే వదిలేసి, ఊడిన బూటు తొడుక్కుని మెట్లు దిగాడు. బామ్మ గుమ్మం దాటలేదు. ఆవిడ అడగలేనిది నేను జీపు ముందు నిలబడి అడిగేశాను.

"మట్టి లేదుగా తాతయ్యా, మరి తిరిగొస్తావా?"

"రాక చస్తానా? అక్కడ కాపురం పెడతామంటే దేశాలకే దిక్కు లేదు, నన్ను ఉండనిస్తారా? అడ్డు లే, వెధవా!"