చేపలమ్మ చెయ్యి

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా ఫిజియోథెరపీ గది తుడిచే అక్క. "ఒసే, సేపలమ్మ భుజం వాసిపోనాదట. నిన్న ఏటి సేసినావే?" అంది.

నేనక్కడ సహాయకురాలిని. కాపడం పెట్టడం, తువ్వాళ్లు మార్చడం వరకే నా పని. డాక్టరమ్మ పక్కన ఉంటే తప్ప రోగి చెయ్యి కదపకూడదు. కానీ నాకు బడికెళ్లకుండానే ఇంట్లో చదువు వచ్చింది కదా, అలాగే ఈ పనీ చూస్తూ చూస్తూ వచ్చేసిందనుకున్నాను.

ముందురోజు డాక్టరమ్మ రావడం ఆలస్యమైంది. ఊరూరా తిరిగి చేపలమ్ముకునే ఆవిడను మేమంతా చేపలమ్మ అంటాం; ఆవిడకు భుజం ఎముక విరిగి అప్పుడప్పుడే అతుక్కుంటోంది. "బస్సెల్లిపోతాది తల్లీ. నెత్తిమీద గంప పట్టుకోడానికి సెయ్యి తలదాకా వస్తే సాలు, నువ్వే లేపు" అని బతిమాలింది. దేవుడికి దండం పెట్టుకుని మరీ లేపాను. ఆవిడ పళ్లు బిగబట్టి, అరచెయ్యి నెత్తిన ఆనించుకుని నవ్వింది.

అక్క మాట విని లోపలికి పరుగెత్తేసరికి, చేపలమ్మ డాక్టరమ్మతో అంటోంది: "నానే ఇంటికాడ లేపీసినాను. ఈ పిల్లకేటీ తెల్దు."

"నేనే లేపానమ్మా" అన్నాను. డాక్టరమ్మ తిట్టలేదు. ఆ భుజాన్ని మెల్లగా తడిమి చూసి, నెల్లాళ్లు గంప ముట్టొద్దని ఆవిడకు చెప్పింది.

ఇప్పటికీ చేపలమ్మ గంపను రెండో చేత్తోనే పట్టుకుంటుంది. నేను కనబడితే ఆగి, "బాగున్నావా తల్లీ" అంటుంది. దీపం పెట్టేవేళ ఆ చెయ్యి బాగవ్వాలని రోజూ దండం పెట్టుకుంటాను; మీరు కూడా ఆవిడను ఒక్కసారి తలుచుకోండి.