పిల్ల బీడీ

దుర్గయ్య గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. పేరున్న చిత్రకారుల గురించి పత్రికలవాళ్ళు రాసుకుంటారు. బీడీకట్టల మీద అంటించే కాగితాలకు బొమ్మలేసినవాడి సంగతి ఎవడిక్కావాలి? నాక్కావాలి. ఆరేళ్ళు అతని పక్క బల్ల దగ్గర కూర్చుని, రోజుకోసారైనా అతన్ని తిట్టినవాణ్ణి. నా నోరు మంచిది కాదని మా ఇంట్లోవాళ్ళే అంటారు, మీరూ అనుకోండి.

నాంపల్లి స్టేషన్ రోడ్డులో వామన్‌రావు గారి లిథో ప్రెస్సుండేది. నేను అక్కడ గుమాస్తాని, పేరు వెంకటేశం. దుర్గయ్య మెదక్ జిల్లా పల్లె నుంచి కూలికని వచ్చి, మా ప్రెస్సులో రాళ్ళు మోసే పనిలో చేరి, ఒక ముసలి ఉస్తాదు కాళ్ళ దగ్గర కూర్చుని గీత నేర్చుకున్నాడు. లిథో అంటే రాతి మీద అచ్చు. నున్నటి రాతి పలక మీద జిడ్డుసిరాతో బొమ్మను కుడిఎడమలు తారుమారు చేసి గీస్తే, కాగితం మీద సరిగ్గా పడుతుంది. అందుకని దుర్గయ్య అసలు బొమ్మ ఎదురుగా అద్దం నిలబెట్టి, అద్దంలో చూస్తూ రాతి మీద గీసేవాడు. వెంట్రుక తేడా రానిచ్చేవాడు కాదు.

ఉస్తాదు పోతూ పోతూ అతనికొక నోటుబుక్కు ఇచ్చాడు. దాన్నిండా కిరీటాలు, కత్తులు, నెలవంకలు, తీగలు. పద్దెనిమిదేళ్ళు అత్తరుసీసాకైనా, సబ్బుకైనా, బీడీకైనా ఆ పుస్తకంలోంచే తీసి గీశాడు. తర్వాత పోలీస్ యాక్షన్ జరిగి నిజాం రాజ్యం పోయింది. ఏడాది తిరక్కుండా ఒక్కో దుకాణదారూ వచ్చి, కిరీటాలొద్దు, కత్తులొద్దు, కొత్త రాజ్యానికి కొత్త బొమ్మలు కావాలన్నాడు. పాపం, దుర్గయ్యకు వచ్చిందల్లా ఒక్కసారిగా పనికిరాకుండా పోయింది.

అందరికన్నా పెద్ద గిరాకీ బేగం బజార్ ప్రహ్లాద్ సేఠ్‌ది. ఆయనది కిరీటం బీడీ. పల్లెల్లో బీడీ తాగేవాడికి చదువు రాదు. కాగితం మీద బొమ్మ చూసి, ఆ బొమ్మ పేరుతోనే అడుగుతాడు. బొమ్మ మారిందంటే బీడీ మారినట్టే లెక్క. అందుకే సేఠ్‌కు ఒక్క చూపులో గుర్తుపట్టే బొమ్మ కావాలి, ఒక్క మాటలో పిలిచేదై ఉండాలి, ఇంకెవరి సరుకు మీదా ఉండకూడదు.

వామన్‌రావు గారు దుర్గయ్యను పిలిచి కూర్చోబెట్టారు. కూర్చోబెట్టారంటేనే నాకు భయం వేసింది.

"దుర్గయ్యా, నెల దినాల టైమిస్తున్న. కొత్త బొమ్మ తే. లేకుంటే బొంబాయి నుంచి తయారు బొమ్మలు తెప్పించుకుంట. గప్పుడు నీతోని నాకేం పనుంటది? నువ్వే చెప్పు."

"తెస్త రావు సాబ్," అన్నాడు దుర్గయ్య. ఏం చూసుకుని అన్నాడో ఆ దేవుడికే తెలియాలి.

ఆ సీటు పోతే మళ్ళీ రాళ్ళు మోయాలి. మోకాళ్ళు అప్పటికే పోయాయి. ఊళ్ళో సెంటు భూమి లేదు. ఉన్నది ఒక్కతే కూతురు నర్మద, నాంపల్లిలో ఆడపిల్లల బళ్ళో ఆరో తరగతి. వాళ్ళ వంశంలో ఆడపిల్ల మూడో తరగతి దాటడం అదే మొదలు. అతని సీటు మీదే ఆమె చదువూ నిలబడి ఉంది.

కమలం గీశాడు. "ఇది అగ్గిపెట్టె మీదున్నది భాయ్," అన్నాడు సేఠ్. ఏనుగు గీశాడు. "ఇది తాళాల మీదున్నది." చిలక, సూర్యుడు, మామిడికాయ, అన్నీ ఎవరో ఒకరివే. దుర్గయ్య పనిమానుకుని ఆబిడ్స్‌లో తిరగడం మొదలెట్టాడు. అద్దాల దుకాణాల ముందు నిలబడి బిస్కెట్ డబ్బాల మీద బొమ్మలు చూసేవాడు, సినిమా హాలు గోడకు అతికించిన పోస్టర్లు చూసేవాడు. ఎవడో దుకాణంవాడు దొంగనుకుని గద్దిస్తే నాంపల్లి బాగ్‌లోకి పోయి చెట్లు చూసేవాడు. తిరిగొచ్చి తెల్లకాగితం ముందు కూర్చుంటే కాగితం కాగితంలాగే ఉండేది.

"సాబ్, తలకాయల ఏం లేదు," అన్నాడొకరోజు నాతో. "ఎండిన బాయి లెక్కున్నది. బొక్కెనేస్తే రాయికి తాకుతున్నది."

"అయితే పొయి బాయిల దుంకు," అన్నాను. ఛీ, నా నోరు పడిపోను! అతను కోప్పడలేదు. ఆ సలహా కూడా ఒకసారి ఆలోచించినవాడిలా నా వంక చూశాడు. అప్పట్నుంచి నాకు నిద్ర పట్టింది తక్కువ.

ఇక రెండు రోజుల గడువుందనగా సాయంత్రం నాలుగింటికి వాన దంచికొట్టింది. నర్మద బడి నుంచి రోజూ ప్రెస్సుకే వచ్చేది, తండ్రితో కలిసి ఇంటికి వెళ్ళడానికి. ఆ రోజు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడింది. లంగా పిండితే బిందెడు నీళ్ళొస్తాయి. పకపకా నవ్వుతోంది.

"నాయినా, నెత్తి తడువలే, జూడు!"

"నెత్తి తడువలే గని పుస్తకాలు నానినయ్ గదనే, తెలివిగల్లదానా!" అన్నాను నేను. అది ఇంకా నవ్వింది. దుర్గయ్య మాత్రం నవ్వలేదు. "గట్లనే ఉండు బిడ్డా, కదలకు," అని కాగితం లాక్కున్నాడు. అరగంటలో అయిపోయింది. నెత్తిన పుస్తకాలు, భుజం మీద తడిసిన జడ, ముక్కుపుల్ల, ఆ నవ్వు, ఎడమ కనుబొమ్మ మీద ఉయ్యాల తగిలి పడిన మచ్చతో సహా. నేను ఆరేళ్ళలో మొదటిసారి అతన్ని మెచ్చుకున్నాను. "ఇగ నీ సీటుకు ఢోకా లేదయ్యా," అన్నాను.

సేఠ్ ఎగిరి గంతేశాడు. పుస్తకాలున్నాయి కదాని 'శారదా బీడీ' అని పేరు పెట్టించాడు. ఆ పేరు ఎవడు చదివాడు? మూడు నెలలు తిరిగేసరికి కాచిగూడ నుంచి కరీంనగర్ దాకా అందరి నోటా ఒకటే మాట, 'పిల్ల బీడీ'. పాన్‌దుకాణాల తలుపులకు ఆ కాగితాలు వరసగా అంటించారు. దుర్గయ్య ఆబిడ్స్‌లో కావాలని చుట్టు తిరిగి మరీ వచ్చేవాడు, తన బొమ్మ చూసుకోవడానికి. మురిసిపోయాడు. నేనూ మురిశాను, దాచడమెందుకు.

తర్వాత నర్మద ప్రెస్సుకు రావడం మానేసింది. నాలుగు రోజులు చూసి అడిగాను, జ్వరమా అని.

"బడికి పోతలేదు సాబ్," అన్నాడు దుర్గయ్య తలొంచుకుని.

ఎందుకన్నది మర్నాడు అతని భార్య శంకరమ్మే వచ్చి చెప్పింది. చెప్పడం కాదు, ప్రెస్సు నడిబొడ్డున నిలబడి దులిపేసింది. బడి దారిలో పాన్‌దుకాణం దగ్గర మొగాళ్ళు కట్ట పైకెత్తి బొమ్మనూ పిల్లనూ మార్చి మార్చి చూస్తున్నారట. 'ఓ పిల్ల బీడీ, అగ్గిపుల్ల గావాల్నా?' అంటున్నారట. బళ్ళో ఆమె బల్లకు ఎవరో ఆ కాగితం అంటించారట. రోడ్డు మీద, మోరీల్లో, ఉమ్మిలో తన ముఖాన్ని జనం తొక్కుకుంటూ పోతుంటే చూడలేక, మొదట్లో ఒక్కో కాగితం ఏరి ఇంటికి తెచ్చిందట.

"ఎన్నని ఏర్తది? చెప్పు, ఎన్నని ఏర్తది?" అని అరిచింది శంకరమ్మ. "కన్నబిడ్డను తీస్కపొయి కట్టకు అంటించినవ్ గదయ్యా! ఆ మచ్చ గూడ గియ్యకుంటే నీ సొమ్మేం పోయేది?"

"చెయ్యి గట్లనే పోయిందే," అన్నాడు దుర్గయ్య. అతనంత జాగ్రత్తమనిషి కాకపోయుంటే ఎంత బాగుండేది! అద్దం లేకుండా గీసుంటే మచ్చ కుడి కనుబొమ్మ మీద పడేది, అది నేను కాదు పొమ్మని ఆ పిల్ల బొంకేది. అద్దం పెట్టి మరీ సరిచూసి గీశాడు, పనిమంతుడు.

బొమ్మ మార్చమని వామన్‌రావు గారి కాళ్ళు పట్టుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, వ్యాపారి. "దీనికన్న మంచి బొమ్మ తే, సేఠ్‌ను నేను ఒప్పిస్త. అందాక ఇదే నడుస్తది," అన్నారు.

మళ్ళీ మొదలైంది వెతుకులాట. మొదటిసారి సీటు కోసం తిరిగాడు, ఈసారి బిడ్డ కోసం. ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు దించే ఎడ్లబండ్ల దగ్గర కూర్చున్నాడు. కాచిగూడ స్టేషన్లో రైలు దిగే జనాన్ని చూస్తూ పూటలకు పూటలు నిలబడ్డాడు. రైతును గీశాడు, కల్లుకుండ మోసే మనిషిని గీశాడు, కూరగాయలమ్మే ముసలమ్మను గీశాడు. నాకు చూపించేవాడు. రైతుకూ, ముసలమ్మకూ కూడా నర్మద కళ్ళే. అదే నవ్వు. ఒకరోజు బొమ్మ సగంలో ఆపి, ఎడమచేత్తో తన కుడిచేతిని ఫటఫటా కొట్టుకున్నాడు. "ఈ చేతికి వేరే ముఖం వస్తలేదు సాబ్! నేనేం జెయ్యాలె?" అని ఏడ్చాడు. ఆ మనిషి ఏడవగా నేను చూడ్డం అదొక్కసారే.

ఆరు వారాల్లో పదిహేడు బొమ్మలు పట్టుకెళ్ళాడు. సేఠ్ పద్దెనిమిదోది తేవద్దన్నాడు. "ఆ పిల్లను నేనిడువ," అన్నాడు.

మర్నాడు పట్టపగలు, మిషన్లన్నీ నడుస్తుండగా, దుర్గయ్య ఆ బొమ్మ ఉన్న మూడు రాళ్ళనూ, రంగుకొక్కటి చొప్పున, తొట్టి దగ్గరికి మోసుకొచ్చాడు. ఇసుక చల్లి, నీళ్ళు పోసి, మీద ఇంకో రాయి పెట్టి రుద్దడం మొదలెట్టాడు. లిథోలో బొమ్మ చెరపాలంటే అదే దారి, రాయిని అరగదీయడం. యజమాని చెప్పకుండా ఎవడూ రాతి మీద చెయ్యి వేయడు. అది ప్రెస్సులో హత్యలాంటి నేరం. మిషన్లవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. వామన్‌రావు గారు పరుగెత్తుకొచ్చేసరికి మూడో రాయి మీద జడ కొస మాత్రం మిగిలింది.

"ఏం జేస్తున్నవ్ రా!"

"బిడ్డను ఇంటికి తీస్కపోతున్న రావు సాబ్," అన్నాడు దుర్గయ్య. జడ కొస కూడా రుద్దేసి, చేతులు కడుక్కుని, ఉత్తకాళ్ళతోనే బయటికి నడిచి వెళ్ళిపోయాడు. నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టలేదు.

ఆ సాయంత్రమే వామన్‌రావు గారు నాతో బొంబాయికి ఉత్తరం రాయించారు, ఇంగ్లీషులో, గౌరవంగా. చూసి అదే బొమ్మ అచ్చువేయడానికి నమూనా జతచేయమన్నారు. నా సొరుగులో ఉన్న ఒక పిల్ల బీడీ కాగితం తీసి, ముడతలు చదును చేసి, నాలుగు మూలలా జిగురు రాసి, నా చేత్తోనే ఉత్తరానికి అంటించాను. అంటించనంటే ఏమయ్యేది? నా సీటు పోయేది. అంతకన్నా చెప్పుకోదగ్గ కారణం నాకు లేదు.

దుర్గయ్య ఉస్మాన్‌గంజ్‌లో హమాలీగా చేరాడు. ఆ మోకాళ్ళతో మిరపకాయల బస్తాలు మోసేవాడు. ఒకసారి ఎదురుపడితే నవ్వాడు కూడా. బజార్లో ఉన్న పాత కట్టలు అమ్ముడుపోయేదాకా రెండు నెలలు ఓపిక పట్టమని ఇంట్లో చెప్పాడట. "ఇగ ఫికర్ లేదు సాబ్. రాయే లేనప్పుడు బొమ్మెక్కడిది?" అన్నాడు. నేను అవునని తలూపి, పనుందని వచ్చేశాను.

రెండు నెలలు నిండాక ఒక పొద్దున నర్మద ప్రెస్సుకు వచ్చింది. తండ్రి ఆనాడు వదిలి వెళ్ళిన చెప్పులు తీసుకుపోవడానికి వచ్చిందట. పొడుగైంది. ముఖం కనబడకుండా ఓణీ నెత్తి మీదికి లాక్కుని ఉంది. చెప్పులు చంకన పెట్టుకుని, వెళ్ళకుండా నా బల్ల దగ్గరే నిలబడింది.

"కాకా, రాయి అరిగిపోయింది గద?"

"అరిగిపోయింది బిడ్డా."

"అయితే ఆ బొమ్మ ఇగ రాదు గద? నాయిన రాదన్నడు. రేపటి సంది బడికి పోవచ్చునా?"

బొంబాయి నుంచి పార్శిలు వచ్చి అప్పటికి వారమైంది. లక్ష కాగితాలు. దాని తాలూకు నమూనా కట్ట నా కాళ్ళ దగ్గరే, బల్ల కింద ఉంది. బొంబాయివాళ్ళ రంగు మా రంగు కన్నా బాగుంది. బుగ్గలు ఎర్రగా, మచ్చ ఇంకా స్పష్టంగా వచ్చింది. నేను ఆ కట్టను కాలితో వెనక్కి నెట్టాను.

"ఔ బిడ్డా, పో," అన్నాను. "మంచిగ సదువుకో."

నర్మద ఓణీ నెత్తి మీది నుంచి తీసేసి, చాలా రోజుల తర్వాత నవ్వి, చెప్పులు పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తింది. బడి దారిలో నాలుగు పాన్‌దుకాణాలున్నాయి. నాలుగింటికీ కొత్త కట్టలు ఆ పొద్దుటే చేరాయి.