పేరులేని కారు కోసం కుప్పం దాకా

బంపరు ముక్క చూపిస్తే చాలు, ప్రపంచంలో ఏ కారునైనా పోల్చగలనని మదనపల్లెలో నాకు పేరు. ఆ పేరు నేనే పెట్టుకున్నాను. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో కంపెనీలు ఒకటో రెండో చేసి చూసుకుని, అమ్మకుండానే మరిచిపోయిన నమూనా కార్లంటే నాకు ప్రాణం. అలాంటి పిచ్చివాళ్లం పదకొండుమందిమి వాట్సాప్‌లో గ్రూపు కట్టాం.

శనివారం పొద్దున కుప్పం నుంచి లక్ష్మమ్మ అనే పెద్దావిడ, ఎవరో నా నంబరిస్తే, పక్కింటివాళ్ల ఫోనులో పంపిన ఫొటో చూడగానే నా చేతిలో కాఫీ ఒలికింది. పొట్టి పుంగనూరు ఆవుకన్నా నాలుగు వేళ్లు ఎత్తున్న బుల్లి కారు. మూడు హెడ్‌లైట్లు, ముందువైపు ఇనుప వల బిగించిన గుండ్రటి మూతి. పేరు ఎక్కడా లేదు. కింద వాయిస్ మెసేజీలో ఆవిడ గొంతు: “సారూ, మూడు గంటలకి పాతినుము లారీ వస్తాది. ఇదేం కారో ఈడికొచ్చి సెప్పండి. మా తమ్ముడి మనసు మారతాదేమో.”

ఎనిమిదీ నలభై బస్సు అందుకున్నాను. పక్కసీటు రైతు, “యాడికప్పా?” అన్నాడు.

“కుప్పానికి. ఒక కారు పేరు కనుక్కోవడానికి.”

“కొనేదానికి గాదా? ఇంట్లో ఏమనల్యా?”

“అనడం మానేసి పదేళ్లయింది.”

తొమ్మిదిన్నరకు పుంగనూరు. ముప్పై ఏళ్లుగా లేతు మిషను నడిపే నా స్నేహితుడు బసప్పను షాపులోంచి లాక్కొచ్చాను. స్టాండు పక్క హోటల్లో నేను పద్నాలుగు ఇడ్లీలు తిన్నాను. బసప్ప లెక్క ప్రకారం నేను తిన్నవి ఆరే. పలమనేరులో బస్సు మారాక ఫొటో చూపించి, “ఇటలీది. లోకంలో రెండో మూడో ఉంటాయి” అన్నాను. వాడు ఆ మూతినే చూస్తూ, “పోయి సూస్తాం పా” అన్నాడు.

కుప్పంలో దిగేసరికి ఒకటీ యాభై. ఆటోలో వెళ్లేసరికి లారీ అప్పటికే గేటు దగ్గరుంది. లక్ష్మమ్మ గారు షెడ్డు తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆమె తమ్ముడు నారాయణప్ప, డెబ్బై దాటిన మనిషి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“మా అమ్మ ఎప్పుడూ దొర కారు అనేది. ఎవురో దొర పారేసి పోయినదాన్ని మనమేల మొయ్యాల? షెడ్డు తీసి రూములు కట్టల్ల” అన్నాడాయన.

“నా సిన్నతనమంతా దాంట్లోనే ఆడుకున్న్యా” అన్నారామె, నాకేసి ఆశగా చూస్తూ.

నేను కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, గొంతు సవరించుకుని, ఇటలీ అన్నాను. రాజకుటుంబం అన్నాను. పడవలో వచ్చిందన్నాను.

నారాయణప్ప తల ఊపాడు. “నేను సెప్తాండేది అదే. మనది గాదు.” లారీవాళ్లను లోపలికి రమ్మన్నాడు.

నా నోరే ఆ కారును లారీ ఎక్కిస్తోంది. అప్పుడు బసప్ప ఆ వలమూతి మీద వేలితో కొట్టాడు. “ఇది శెనక్కాయల మిల్లు జల్లెడ గదప్పా. మీ నాయన ఏం సేసేవాడు?”

“మిల్లులో మెకానిక్కు” అన్నారు లక్ష్మమ్మ గారు. “నా పదేండ్లప్పుడే పొయ్యినాడు.”

బసప్ప కారు కింద దూరి లేచాడు. “అడుగు మిలిట్రీ జీపుది. దాన్ని దొర ఇచ్చుంటాడు. పైన ఒళ్లంతా ఈడ కొట్టిన రేకు.” బానెట్ ఎత్తాడు. లోపలి రేకు మీద ఏటేటా ఆయుధపూజకు మెత్తిన పసుపు అట్టకట్టి ఉంది. “మా పనోళ్లు పసుపు పెట్టే తావులోనే పేరు కొడతారు” అంటూ కిరసనాయిలు గుడ్డతో రుద్దాడు. ఉలితో కొట్టిన అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి.

మునిరత్నం. కుప్పం. 1.

లక్ష్మమ్మ గారు కుర్చీలోంచి లేచారు. “మా నాయన” అన్నారు.

నారాయణప్ప చాలాసేపు ఆ అంకె మీద వేలు పెట్టి ఉంచాడు. “ఒకటని యాల కొట్టినాడు?”

“రెండోది సేద్దామనుకునుంటాడప్పా” అన్నాడు బసప్ప.

ఆయన లారీవాళ్లవైపు తిరగకుండానే, “మీరు పోండప్పా” అన్నాడు. తర్వాత కారు తలుపు తీసి, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు.

ఐదుంబావు బస్సుకు తిరుగు ప్రయాణం. ఆ కారును చూడాలనుకునేవాళ్లు పలమనేరులో బస్సు మారండి; మజ్జిగ తాగందే లక్ష్మమ్మ గారు వదలరు. కిటికీ పక్కన కూర్చుని గ్రూపులో రాశాను: తయారీ, మునిరత్నం, కుప్పం. చేసినవి, ఒకటి. మూతి, వేరుశనగ జల్లెడ. ఒక్క అక్షరం పెంచలేదు.

ఇన్నేళ్లు నేను ఉబ్బించి రాసిన ప్రతి ముక్కా నమ్మిన ఆ పదిమందిలో, దీన్ని ఒక్కడూ నమ్మలేదు.