సంతకం పెట్టని సర్టిఫికెట్టు

1934 వానాకాలంలో నేను ఏలూరులో, కాలువ దగ్గరున్న ఒక చిన్న ఆస్పత్రిలో సబ్ అసిస్టెంట్ సర్జన్‌గా ఉన్నాను. పేరు పెద్దదే గాని సర్కారు వైద్యుల్లో అది కింది మెట్టు. ఎక్కడ కలరా తగిలినా ముందు పంపేది మమ్మల్నే.

తివాచీలు నేసే ఖాసిం గారు ఒకరోజు ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. తమ్ముడు మస్తాన్‌ను పిచ్చాసుపత్రికి పంపాలని ఆయన కోరిక. మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వాలంటే ఇద్దరు వైద్యుల సర్టిఫికెట్లు కావాలి. ఒకటి అప్పటికే వచ్చింది. రెండోది నేనివ్వాలి.

మస్తాన్ 1914 నాటి పెద్ద యుద్ధంలో మెసపొటేమియాలో స్ట్రెచర్ మోసినవాడు. తిరిగొచ్చి పదిహేనేళ్లయినా మగ్గం ముందు గంటసేపు కూర్చోలేడు. మిల్లు కూత వినబడితే గోడకు అతుక్కుపోతాడు. రెండేళ్లుగా నేను బ్రోమైడు మిక్చరు రాస్తూ వచ్చాను. దానితో మత్తు వచ్చేది గాని నిద్ర వచ్చేది కాదు.

"మొన్న మా చిన్నదాన్ని నెట్టేశాడండి. చెయ్యి విరిగింది," అన్నారు ఖాసిం గారు. "వాడి మీద కోపం లేదండీ. ఇక నావల్ల కావడం లేదు."

అన్న వెంట వచ్చిన మస్తాన్ తలెత్తలేదు. "అన్నయ్య చెప్పింది నిజమేనండి. పంపించేయండి," అన్నాడు.

పరీక్షించడానికి కొన్నాళ్లు గడువు అడిగాను. ఈలోగా కొల్లేటి లంక ఊళ్లలో కలరా తగిలి, నన్ను వెళ్లమని ఉత్తర్వు వచ్చింది. పడవ దొరికింది గాని రోగుల్ని ముట్టుకోవడానికి ఎవరూ రాలేదు. మస్తాన్‌ను వెంట తీసుకెళ్లింది వైద్యం చేద్దామని కాదు, మోసే మనిషి లేక. అడగ్గానే వచ్చాడు.

పొద్దున్నే బావుల్లో మందు కలిపేవాళ్లం. తర్వాత రోగుల్ని పడవలోంచి గట్టు మీది పాకలోకి చేరిస్తే, నేను నరంలోకి ఉప్పునీరు ఎక్కించేవాణ్ణి. వెంకన్న అనే జాలరి ధైర్యం చేసి స్ట్రెచర్‌కు రెండో మనిషిగా వచ్చాడు. మస్తాన్ అతనికి నడక నేర్పాడు. "ఇద్దరం ఒకే కాలు వెయ్యకూడదండి. నేను కుడి వేస్తే మీరు ఎడమ. లేకపోతే పడుకున్న మనిషికి కుదుపు." ఆ వారం మస్తాన్ ఒళ్లెరగకుండా నిద్రపోవడం చూశాను.

తర్వాత ఒక ముసలమ్మ స్ట్రెచర్ మీదే చనిపోయింది. మర్నాడంతా మస్తాన్ పడవలో కూర్చుండిపోయాడు. తినలేదు, పలకలేదు. నేనూ అలిసిపోయి ఉన్నాను. సంచిలోంచి సర్టిఫికెట్టు తీసి కలం మూత విప్పాను. అప్పుడు వెంకన్న గట్టు దిగి వచ్చాడు.

"మస్తాన్ గారూ, నేనొక్కణ్ణే ఎత్తలేనండి. రండి," అన్నాడు.

మస్తాన్ అతని వైపు చూసి లేచాడు. నేను కాగితం మడిచి లోపల పెట్టాను.

ఏలూరు చేరాక, సంతకం పెట్టనని ఖాసిం గారికి చెప్పాను. రిజిస్టరులో 'నయమైంది' అని రాశాను. నెల తిరక్కుండా మస్తాన్ మళ్లీ గోడ దగ్గరే ఉన్నాడు. ఆ మాట కొట్టేసి, అతన్ని పిలిపించాను. కాలువ రేవులో పడవ దిగే రోగుల్ని ఆస్పత్రికి మోసుకురావాలని అడిగాను. మరో ఇద్దరు పాత సిపాయిలు కలిశారు. ఒకరికి మోకాలు వంగేది కాదు. ముగ్గురూ రోజూ తెల్లవారగానే సాధన కోసం ఇసుక బస్తా వేసిన స్ట్రెచర్‌తో గట్టు వెంట నడిచేవారు. ఒకరు రాకపోతే మిగతా ఇద్దరూ ఆ రానివాడి ఇంటికి వెళ్లి పిలిచేవారు.

ఇది ఏ నియమం కింద అని పై అధికారి అడిగారు. ఏ నియమమూ లేదన్నాను. "అయితే కాగితం మీద పెట్టకండి," అన్నారు. పెట్టలేదు.

మస్తాన్‌కు పూర్తిగా నయం కాలేదు. నెలకు రెండు మూడు రోజులు ఇల్లు కదిలేవాడు కాదు. ఖాసిం గారు తన పిల్లల్ని అతని దగ్గర ఒంటరిగా వదల్లేదు. అది తప్పని నేననను. కానీ అతను పిచ్చాసుపత్రికి పోకుండా ఇంట్లోనే ఉన్నాడు, నాలుగేళ్లు రోగుల్ని మోశాడు.

1938లో నన్ను తాడేపల్లిగూడెం బదిలీ చేశారు. నా తర్వాత వచ్చిన డాక్టరు ఆ ముగ్గుర్నీ ఆస్పత్రి మనుషులు కారని గేటు దగ్గరే ఆపేశారు. ఆయనకు తెలియజేసే కాగితం ఒక్కటీ నేను ఉంచలేదు. మస్తాన్ లాంటి మనిషికి మందుతోపాటు ఒళ్లు అలిసే పని, పక్కన నడిచే తోడు ఉండాలని కొల్లేట్లో తెలుసుకున్నాను. ఆ ఏర్పాటు ఒక డాక్టరు దయ మీద నిలబడకూడదని తెలుసుకునేసరికి నా బదిలీ అయిపోయింది.