పేరుతో వెతికే దేశం

మస్కట్‌లో ఒక కంపెనీకి టెలిఫోన్ ఆపరేటర్ని. పొద్దస్తమానం చేతిలో ఫోనే, అయినా నన్ను రవీ అని పిలిచే మనిషి లేడు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుంది కాబట్టి అందరికీ మద్దాలనే.

ఆరోజు మత్రా కొత్త రేవు దగ్గర షేర్ టాక్సీ ఎక్కాను.

"మద్దాలా భాయ్, కొంచెం జరుగు," అన్నాడు తెలిసిన డ్రైవర్.

"మద్దాల మా తాతముత్తాతలందరి పేరు! నాది రవి! ఎన్నిసార్లు చెప్పాలి?" అని హైదరాబాదు హిందీలో అరిచాను.

పక్కన కూర్చున్న తెల్లాయన, చేపల పడవల మీద పనిచేసే పెద్దమనిషి, గొడవేమిటని ఇంగ్లీషులో అడిగాడు. చెప్పాను. నవ్వాడు.

"మా ఐస్‌లాండ్‌లో దాదాపు ఎవరికీ ఇంటిపేరుండదు. ప్రధానమంత్రినైనా పేరుతోనే పిలుస్తాం. టెలిఫోన్ డైరెక్టరీలోనూ సొంత పేరుతోనే వెతకాలి."

"ఒకే పేరు వందమందికుంటే?" ఆపరేటర్ని కదా, నా బాధ నాది.

"పక్కన తండ్రి పేరు, చేసే పని ఉంటాయి. చిన్న దీవి, పొడుగాటి చలికాలం. పేరు పెట్టి పిలుచుకోకపోతే ఎలా బతుకుతాం?"

దిగేటప్పుడు నా భుజం తట్టి, "వస్తాను, రవీ," అన్నాడు. ఆయన కనుమరుగయ్యేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను.

మర్నాడు సలాలా ఊళ్ళోని మా బ్రాంచి నుంచి ట్రంక్‌కాల్ వచ్చింది. అక్కడి ఆపరేటర్ మలయాళీ. ఏడాదిగా రోజూ మాట్లాడుకుంటున్నాం. అతనికి నేను మస్కట్‌ని, నాకతను సలాలా.

"హలో మస్కట్!"

"నా పేరు రవి," అన్నాను. "నీ పేరేంటి?"



"జోసెఫ్," అన్నాడు మెల్లగా. "ఒక్కసారి పేరు పెట్టి పిలువు."