బయట తాళం, లోపల మనిషి

మా ఎదురింటి పెద్దమ్మ పోయింది. ఆదివారం ఆళ్లగడ్డలో చెల్లెలిని చూసి వస్తానని బయలుదేరింది. సోమవారం నేను బడికి పోయేలోగా వచ్చి అరుగు మీద కూర్చుంటానని చెప్పి మరీ బస్సెక్కింది. సోమవారం పొద్దున ఎంతసేపు చూసినా రాలేదు. దారిలో ఉంటుందిలే, బస్సు ఆలస్యమేమో అనుకుని తలుపు దగ్గరగా వేసి బడికి పోయాను. పిల్లలకు పద్యం చెబుతుంటే ఆమె కొడుకు ఫోన్ చేశాడు. ఆ పొద్దున చెల్లెలింట్లో కాఫీ తాగి, బస్సుకు టైమైందని కొప్పు ముడేసుకుంటూ అలాగే గోడకు ఒరిగిపోయిందట. నిజం చెబుతున్నాను, ఆ మాట వినగానే నాకు ఏడుపు రాలేదు. గడియ వేయని మా తలుపు కళ్ళ ముందుకొచ్చింది. పుస్తకం బల్ల మీద పడేసి ఆటో ఎక్కాను. ఏడుపు ఆటోలో వచ్చింది.

ఎందుకట్లా అంటే మా సంగతి కొంచెం చెప్పాలి. మాకు పిల్లల్లేరు. మా ఆయన కోయిలకుంట్ల రూటులో బస్సు నడిపేవాడు. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట ముద్దగా వస్తుంది. నేను బడికి పోకపోతే ఇల్లు గడవదు. పోతే ఆయన మంచం మీద ఒక్కడే. మొదటిసారి ఆయన్ను వదిలి పోయిన రోజు, ఎవరైనా తలుపు కొడితే లేవబోయి పడతాడేమోనని భయపడి, బయట తాళం వేసి పోయాను. జాగ్రత్త చేశాననే అనుకున్నాను.

సాయంత్రం వచ్చేసరికి పెద్దమ్మ మా వాకిట్లో నిలబడి ఉంది. మేము నంద్యాలలో ఆ వీధికి మారి అప్పటికి ఎన్నాళ్ళో కాలేదు, ఆమెతో నాకు పలకరింపులే తప్ప చనువు లేదు. అయినా నేను తాళంచెవి తీయగానే నా మణికట్టు పట్టుకుంది. ముసలి చెయ్యే, కానీ పట్టు గట్టిది.

"లోపల మనిషిని పెట్టి బయట తాళం ఏస్తివే పాపా. తాళం దొంగకు చెప్పే మాట ఒకటే. రా నాయనా, ఎవురూ లేరు అని."

నాకు ఒళ్ళు మండింది. మా ఇంటి విషయం మీకెందుకమ్మా అనేదాన్నే. అంతలో ఆమె మా గడప మీదే కూలబడింది. నీళ్ళిచ్చాను. ఆ నీళ్ళు తాగి ఆళ్లగడ్డ కథ చెప్పింది. ఒక్కసారే చెప్పింది, మళ్ళీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

ఆమె కాపురం ఆళ్లగడ్డలో. భర్త రాతిపని చేసేవాడు, విగ్రహాలు చెక్కేవాడు. ఇంట్లో అత్త ఉండేది, చూపు పోయి చాలాకాలమైంది. ఊరూరా తిరిగే అహోబిలం సామి పారువేట పల్లకి ఊళ్ళోకి వచ్చిందంటే ఆ పక్క ఇళ్ళల్లో మనిషి నిలవడు. ఆ ఏడు కూడా పట్టపగలు అందరూ పల్లకి దగ్గరికి పోయారు. అత్త తడుముకుంటూ బయటికి వచ్చి ఏ బండి కిందో పడుతుందని, పెద్దమ్మ బయట తాళం వేసింది. వీధి వీధంతా అట్లాగే తాళాలు. తిరిగి వచ్చేటప్పుడు దూరం నుంచే తన తాళం చూసుకుందట. "సంతోషపడినా పాపా. తాళం ఉంది గదా అని," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాను.

దొంగలు పెరటి గోడ దూకి వెనక తలుపు పెకలించారు. ఇల్లు ఖాళీ అనుకుని వచ్చినవాళ్ళకు లోపల మనిషి ఎదురైంది. ఎవరు ఎవరు అని కేకలు పెట్టిన గుడ్డిదాని నోట్లో గుడ్డలు కుక్కి గింజల గాదె వెనక పడేశారు. అత్త చావలేదు. ఆ తర్వాత మాట మాత్రం మాట్లాడలేదు. ఇంట్లో ఎవరు గడియ వేసిన చప్పుడు విన్నా చీర తడుపుకునేదట. ఆ వేసవి దాటకుండానే పోయింది. పోయిన సొమ్ము ఏమిటని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మనిషి ఉందని తెలిసి ఉంటే వాళ్ళు గోడ దూకేవాళ్ళు కాదని, ఆ సంగతి తెలియకుండా చేసింది తన తాళమేనని అంది. ఆ ఊళ్ళో ఆ ఇంట్లో నిద్ర పట్టక భర్తను నంద్యాలకు లాక్కొచ్చింది.

మరుసటి రోజు నుంచి మా తలుపుకు తాళం లేదు. నేను బయటికి అడుగుపెట్టేసరికి ఆమె ఎదురుగా తన ఇంటి నాపరాళ్ళ అరుగు మీద చాట ముందు పెట్టుకుని కూర్చుని ఉండేది. చాటలో శనగలో కందులో. ఏరిన శనగలనే మళ్ళీ ఏరుతోందని కోడలు విసుక్కునేది. ఏరడం ఎవరిక్కావాలి, ఆమె కళ్ళు వీధి మీద ఉండేవి.

మా ఆయనకు మొదట్లో ఆమె అంటే పడేది కాదు. కునుకు పట్టిందో లేదో అరుగు మీద నుంచి కేక వేసేది, ఏమయ్యా అల్లుడా, ఉండావా అని. ఈయన లోపల నుంచి ఏదో ఒకటి పలకాలి. పలికేదాకా వదలదు. వీధిలో పోయే ప్రతివాడికీ ఆ ఇంట్లో మగమనిషి ఉన్నాడని తెలియాలని ఆమె ఎత్తు. చచ్చానో లేదో చూసుకుంటోంది ముసలిది అని ఈయన సణిగేవాడు. ఒకరోజు జ్వరమొచ్చి ఆమె అరుగు మీదికి రాలేదు. సాయంత్రం నేను చెప్పులు విప్పకముందే, ఆమె కేక వినపడలేదేమని ఈయనే అడిగాడు.

ఒక్క మా ఇంటికే కాదు. వీధిలో ఎవరు ఊరెళ్ళినా వాళ్ళ వాకిలి ఆమెదే. తెల్లవారగానే కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టేది. వాకిట్లో పడిన పేపరు తీసేది. తీగ మీద ఒక తడి చీర ఆరేసేది, గడప ముందు ఒక జత పాత చెప్పులు విడిచేది. ఒకసారి మూలింటివాళ్ళు చావుకు పోతే వాళ్ళ వాకిట్లో కూడా ముగ్గేసింది. మైలలో ఉన్న ఇంటి ముందు ముగ్గేమిటని వాళ్ళు వచ్చి నానా మాటలూ అన్నారు, బకెట్ నీళ్ళు పోసి కడిగేశారు. అంత కర్మ జరుగుతున్న ఇంటికి అది అపచారమే, నాకూ అట్లాగే అనిపించింది. అంతా అయ్యాక పెద్దమ్మ, మైల పది దినాలకు పోతుంది గానీ ఇంట్లోకి దూరిన భయం పోదని నాతో మెల్లగా అంది.

బయటికి పోయేవాళ్ళను ఎక్కడికని అడగకూడదని మనలో ఒక పట్టింపు ఉంది కదా. శకునం చెడుతుందంటారు. ఆ పట్టింపును ఆమె గట్టిగా వాడుకుంది. వీధిలో నిలబడి ఎవరైనా యాడికి అని అడిగితే కసిరేది. శకునం కోసం అనుకునేవాళ్ళం. మనం చెప్పే జవాబు వినే చెవులు ఎవరివో ఎవరికి తెలుసనేది ఆమె లెక్క. తిరుమలకు పోతూ ఫోన్లో స్టేటస్ పెట్టిన పక్కింటి అమ్మాయిని, నువ్వు కొండకు పోయేది దేవుడికి తెలిస్తే చాలదా అని అడిగింది. కుర్రవాళ్ళు చందాలేసుకుని వీధి మొదట్లో కెమెరా పెట్టించిన రోజు కొబ్బరికాయ కొట్టారు. ఆమె కూడా ప్రసాదం తిని, కెమెరాను కింది నుంచి పైకి చూసింది.

"చూస్తాదిలే. ఎవురు నాయనా నువ్వు అని అడుగుతాదా?"

అందరూ నవ్వారు. అడగడం ఆమె పని. కొత్త ముఖం కనపడితే చాలు, ఎవరింటికి నాయనా, ఎండనబడి వచ్చినావు, మంచినీళ్ళు తాగుతావా అని మర్యాదగా కూర్చోబెట్టేది. నిజంగా పనిమీద వచ్చినవాడు తాగి, దండం పెట్టి పోయేవాడు. మిగిలినవాళ్ళు నీళ్ళు రాకముందే వెళ్ళిపోయేవాళ్ళు. అట్లా వెళ్ళినవాళ్ళ ముఖాలు ఆమెకు గుర్తుండేవి.

ఈ మధ్య ఆమెకు నిదానం తప్పింది. వెనక వీధిలో పట్టపగలే రెండిళ్ళు పగలగొట్టారు, ఒక ఇంట్లో బాలింత ఉండగానే. అప్పటి నుంచి అన్నం కూడా అరుగు మీదికే తెప్పించుకుంది. బండి మీద వచ్చేవాడు ఒకడు నడిమధ్యాహ్నం మెల్లగా పోతున్నాడని, ఇళ్ళ వైపు కాదు తన వైపు చూస్తున్నాడని చెప్పింది. నేను పెద్దగా పట్టించుకోలేదు. వయసు మీద పడింది, భయం ఎక్కువైందనుకున్నాను. ఆదివారం బస్సెక్కే ముందు కూడా వెనక్కి తిరిగి వీధిని ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూసుకుంది.

మంగళవారం ఆళ్లగడ్డలోనే మట్టి చేస్తామన్నారు. మా వైపు పెండ్లికి పోకపోయినా సర్దుకుంటారు, చావుకు పోకపోతే ఆ మాట మిగిలిపోతుంది. అందులోనూ పెద్దమ్మ చావు. వీధంతా కదిలింది. ఒక టెంపో మాట్లాడుకున్నారు, చాలకపోతే ఇంకొకటి పిలిచారు. తన చావుకు ఇంటికొకరు వస్తే చాలని, మిగిలినవాళ్ళు వీధిలో ఉండాలని ఆమె బతికుండగా ఎన్నిసార్లు చెప్పిందో. నేను టెంపో దగ్గరికి పోయి ఆ మాట గుర్తు చేశాను. మూలింటామె, ఆ ముగ్గు కడిగేసిన ఆమే, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతో నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. కడసారి చూపు చూసుకోకుండా ఎట్లా ఉండేది, ఆమెకింత మట్టి వేయకపోతే మనం మనుషులమేనా అంది. వరసగా తలుపులు మూశారు, తాళాలు వేశారు, లాగి చూసుకున్నారు. టెంపోలు ఆళ్లగడ్డ వైపు పోయాయి. మా ఆయన్ను ఎత్తుకుపోలేను, వదిలిపోలేను. ఆమెను చూడకుండా నిలిచిపోయింది నేనొక్కదాన్నే.

ఈయనకు అన్నం పెట్టి, మందులేసి, తలుపు దగ్గరగా వేసి ఎదురింటి అరుగు మీదికి పోయి కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో తెలియదు. నిలవలేకపోయాను. నాపరాయి కాలుతోంది. వీధిలో పిల్లి కూడా లేదు. ఆమె చాట చేతిలోకి తీసుకున్నాను గానీ అందులో ఏమీ లేదు.

బండి చప్పుడు వినపడింది. మెల్లగా వచ్చి నా ముందు ఆగింది. నలగని చొక్కా, భుజానికి సంచి. హెల్మెట్ తీయలేదు, అద్దం మాత్రం పైకెత్తాడు. గ్యాస్ పొయ్యిలు చెక్ చేసేదానికి వచ్చానన్నాడు. ఎవరు పంపారని అడగాలనుకున్నాను. అతను నన్ను కాదు, నేను కూర్చున్న చోటును చూస్తున్నాడు.

"ఈడ ఒగ అవ్వ కూచ్చుంటాండె గదా. యాడికి పోయింది?"

ఆ క్షణాన ఆళ్లగడ్డలో ఆమె మీద మట్టి వేస్తూ ఉంటారు. పోయిందని చెబితే అయిపోతుంది, అతనికి కావలసింది ఆ ఒక్క మాటే.

"లోపల పండుకోనుంది. లేపమంటావా?" అన్నాను.

నా గొంతు నాకే ఎవరిదోలా ఉంది. అతను నా భుజం మీదుగా ఆమె తలుపు వైపు చూశాడు. కొడుకు వేసిపోయిన పెద్ద తాళం నా వెనకే వేలాడుతోంది. నేను తిరిగి చూడలేదు, చూడక్కర లేకపోయింది.

"వద్దులేమ్మా, పండుకోనీ. మల్ల వస్తా," అన్నాడు.

నవ్వలేదు, తొందరపడలేదు. బండి వీధి చివరిదాకా నడుచుకుంటూ పోయినంత మెల్లగా పోయింది. ఒక్కో వాకిలి దగ్గరా హెల్మెట్ ఆ పక్కకు తిరుగుతోంది. చివర మలుపు తీసుకుని వెళ్ళిపోతాడనుకున్నాను. వెనక్కి తిప్పాడు. ఇటు వరస చూసుకుంటూ వచ్చి, వీధి మొత్తం మీద తాళం లేని ఒక్క తలుపు ముందు, మా తలుపు ముందు ఆగాడు. నేను చాట పట్టుకునే లేచి నిలబడ్డాను. బండి చప్పుడు విని, మందుల మత్తులో, బడి నుంచి నేనే ఆటోలో వచ్చాననుకున్నాడు కాబోలు, లోపల నుంచి మా ఆయన ముద్దమాటతో, ఎంతో నెమ్మదిగా, "వచ్చినావా?" అని అడిగాడు.

అతను తల వంచి ఆ గొంతును చివరిదాకా విన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, తెలిసినవాళ్ళకు మళ్ళీ వస్తానని ఎత్తినట్టు ఒక చెయ్యి ఎత్తి, వెళ్ళిపోయాడు.